రేపటి రథము

అండమాను దీవుల రాజధానియైన పోర్టు బ్లెయిరునకు 2024వ సంవత్సరములో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. పేరు మారినను ఓడరేవు అదియే, ఎక్కుచు దిగుచు సాగు కొండవీధులు అవియే. విశాఖపట్టణమునకు సుమారు 1200 కిలోమీటర్ల దూరమున, సముద్రమధ్యమున నున్న ఈ పట్టణములో తెలుగు మాట తరచుగా వినబడును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపసముదాయపు జనసంఖ్య 3,80,581. అందు నూటికి సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు ఓడ నెక్కి వచ్చినవారు, వారి సంతతివారు వీరిలో అనేకులు. జంగ్లీఘాటు తీరమున వలలు బాగుచేసికొనుచు మాటలాడుకొను బెస్తవారి నోట ఉత్తరాంధ్రపు యాస నేటికిని సజీవముగా నున్నది.

అట్టి కుటుంబములోని ఒక యువకుని ఊహించుకొనవచ్చును. తండ్రి పడవపై వేటకు పోయి సంపాదించిన దానితో వానిని చదివించెను. వాడు పర్యాటకుల రాకపోకలకు సంబంధించిన వ్యాపారములో నిలదొక్కుకొని, ముప్పదియేండ్లు నిండకమునుపే చెప్పుకోదగినంత ధనము కూడబెట్టెను. తండ్రి మాత్రము ఇంకను పడవను విడువలేదు. యువకునకు చిన్ననాటినుండి ఒక్కటే కోరిక. ఇద్దరు మాత్రమే కూర్చుండదగి, నేలనంటినట్లుండి, బాణమువలె దూసికొనిపోవు స్పోర్ట్సు కారొకటి తనకు కావలెను. ఇప్పటికి డబ్బు సమకూడినది. సరిగా ఈ సమయముననే, ఆ కారునకు వచ్చు సంవత్సరము క్రొత్త మోడలు వెలువడునని వార్త వచ్చినది. ఇప్పుడే కొనవలెనా? ఏడాది ఆగవలెనా? కొన్నచో, పండ్రెండు నెలలలో అది పాతబడిపోవును. ఆగినచో, చేతి కందిన దానిని చేజేతుల విడిచినట్లగును. ఈ ఊగిసలాటలో వానికి నిద్ర కరవైనది.

సన్న్యాసికి ఇది నవ్వు పుట్టించు ప్రశ్నగా తోచవచ్చును. నవ్వుట సులభమే గాని న్యాయము కాదు. కారు అను మాటను తీసివేసి, ఆ చోట ఇల్లనియు, ఉద్యోగమనియు, పెండ్లిసంబంధమనియు ఏ పేరు పెట్టి చూచినను ప్రశ్న చెక్కుచెదరదు. చేతనున్న మంచిదా, రాబోవు మరింత మంచిదా? ఈ ప్రశ్న నెదుర్కొనని గృహస్థుడు లేడు. పీఠమును, పదవిని, గ్రంథమును, తీర్థయాత్రను గురించి దీనినే వేసికొనిన సన్న్యాసులును లేకపోలేదు.

వచ్చు సంవత్సరపు మోడలు అనునది మామిడికాయవలె ఋతుధర్మమున కాచునది కాదు. దాని పుట్టుకకు ఒక చరిత్ర కలదు. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో టీ మోడలు కారును వెలువరించి, 1927 వరకు ఒకటిన్నర కోటికి పైగా బండ్లను అదే పేరుతో నిర్మించెను. ఆ పంతొమ్మిదేండ్లలో మార్పులు జరుగకపోలేదు. అయినను, నిరుడు కొన్నవాడు ఈ యేడు కొన్నవానిని చూచి చిన్నబుచ్చుకొనవలసిన అగత్యము అంతగా ఉండెడిది కాదు. 1923లో జనరల్ మోటార్సు సంస్థకు అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోను వేరొక మార్గమును త్రొక్కెను. బండి చెడిపోవువరకు వేచియుండక, అది పాతదిగా కనబడునట్లు చేయుటయే ఆ మార్గము. ఏటేట ఆకారమును, రంగును, హంగును మార్చుచు పోయినచో, చక్కగా నడచుచున్న బండి యజమానికి సైతము తనది వెనుకబడినదని తోచును. 1927లో ఆ సంస్థ కార్ల రూపురేఖలను దిద్దుటకే ఒక ప్రత్యేక విభాగమును నెలకొల్పి హార్లీ ఎర్ల్ అను వాని కప్పగించెను. అదే సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించిన చార్లెస్ కెట్టరింగు 1929లో ఒక వ్యాసము వ్రాసెను. కొనుగోలుదారుని అసంతృప్తుడుగానే ఉంచవలెనని దాని పేరే చాటుచున్నది. కెట్టరింగును కపటియని నిందించుటకు వీలులేదు. ఆయన దాచినదేమియు లేదు. అసంతృప్తియే ప్రగతికి మూలమని మనసార నమ్మెను. మన పూర్వులు దేనిని రోగమనిరో, దానిని ఆయన బలవర్ధకమైన ఆహారముగా భావించెను. అంతియే భేదము.

ఈ పద్ధతి ఎంత సూక్ష్మముగా పనిచేయునో తెలిసికొనుటకు అమెరికా పోనక్కరలేదు. మన దేశమున ఏటేట డిసెంబరు నెలలో కార్ల దుకాణములవారు ధరలు తగ్గింతురు. ఏలయన, డిసెంబరు 31న తయారైన బండి మరునాటి యుదయమునకు పత్రములలో నిరుటి బండి యగును. ఒక రాత్రిలో ఇనుము పాతబడలేదు, చక్రము అరుగలేదు. అంకె మారినది. అంకెతోపాటు వెలయు, వెలతోపాటు యజమాని మనస్సునందలి మురిపెమును తగ్గినవి. కుండలు వేరైనను మట్టి యొక్కటేయని, భేదము నామరూపములందే కలదని ఉపనిషత్తు చెప్పిన మాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము వేదాంతపాఠశాలలో దొరకదేమో! క్రొత్త మోడలనబడు వానిలో పెక్కింటియందు దీపముల ఆకారము, ముందరి జాలి, లోపలి తెర మాత్రమే మారి, యంత్రము ఉన్నది ఉన్నట్లే యుండును. కొన్నిటియందు నిజముగనే మెరుగైన ఆపుదల సాధనములు, ప్రాణరక్షణకు పనికివచ్చు మార్పులు ఉండును. ఈ రెంటిని వేరుచేసి చూచుట బుద్ధి చేయవలసిన పని. నిద్రపట్టని యువకుని బుద్ధి ఆ పనిలో లేదు. రెండు చిత్రములను మార్చి మార్చి చూచుటలో మునిగియున్నది.

ఒకప్పుడు మన దేశమున వేచియుండుట వేరొక విధముగా నుండెడిది. హిందుస్థాన్ మోటార్సువారి అంబాసిడరు కారు 1958 మొదలు 2014 వరకు దాదాపు ఒకే ఆకారముతో తయారైనది. ఆ కాలమున డబ్బు కట్టినవాడు బండి చేతికి వచ్చుటకు ఏండ్ల తరబడి ఎదురు చూచెడివాడు. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 కారు తాళపుచెవి యజమాని చేతికందిన పిమ్మట గాని పరిస్థితి మారుట కారంభింపలేదు. నాటి నిరీక్షణకు కారణము వస్తువు లేకపోవుట. నేటి దానికి కారణము వస్తువులు మితిమీరుట. లేమిలో వేచియున్నవానికి బండి వచ్చిన దినము పండుగ. కలిమిలో వేచియున్నవానికి ఆ దినమున వేరొక నిరీక్షణ మొదలగును. అయినను ఆ పాత దినములను పొగడుట తగదు. అప్పటి ఎదురుచూపులో తపస్సేమియు లేదు, విసుగు మాత్రము దండిగా నుండెడిది.

వేచియుండుట యంతయు ఒక్కటి కాదు. జంగ్లీఘాటు బెస్తవాడు పోటు కొరకు, గాలి తిరుగుట కొరకు, తుపాను సూచన తొలగుట కొరకు వేచియుండును. తల్లి నెలలు నిండుటకు వేచియుండును. రైతు గింజ పాలు పోసికొనుటకు వేచియుండును. ఇక్కడ కాలము పనిలోనే ఇమిడియున్నది. తొందరపడినచో వస్తువే చెడును. వ్యవహారమునందు వేచియుండుటకు వేరొక న్యాయమైన కారణము కూడ ఉండును. 2025 ఆగస్టు 15న పన్నుల తగ్గింపు ప్రకటితమై, సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై పన్ను నూటికి 28 నుండి 18కి దిగినపుడు, నడుమనున్న అయిదు వారములు కొనుగోలును ఆపుకొన్న గృహస్థుడు వివేకియే. అతని లెక్క కాగితముపై తేలునది. ఒక దినమున ముగిసిపోవునది. కాని వచ్చు సంవత్సరపు మోడలు కొరకు వేచియుండుటలో కాలము వస్తువును పండించుటలేదు. కోరికను మాత్రము పండించుచున్నది. అది వచ్చిన మరుక్షణమే ఆ మరుసటి సంవత్సరపు దానిని గూర్చిన వార్త బయలుదేరును. గట్టు చేరినకొలది గట్టు జరుగుచుండు ఏటిలో ఈదువాని శ్రమ ఇది.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఆగినవాడు తన్ను తాను నిగ్రహవంతుడనని తలచుకొనును, పెద్దలును మెచ్చుకొందురు. వెంటనే కొన్నవానికి దుడుకువాడని పేరు. నిజమునకు, ఏడాదిపాటు ప్రతి రాత్రి ఆ బండి చిత్రమును కన్నులయందు నిలుపుకొనినవాడు ఏడాదిపాటు దానిని అనుభవించుచునే యున్నాడు. ఇంద్రియములను ఆపి మనస్సుతో విషయములను స్మరించుచుండువానిని గీతాచార్యుడు మిథ్యాచారుడనెను. వాయిదా వేయుట వైరాగ్యము కాదు. ఇటలీ దేశమునందలి పేరుగాంచిన స్పోర్ట్సు కార్ల నిర్మాతలు ఈ రహస్యము నెరుగుదురు; కొనువారిని ఏండ్ల తరబడి వేచియుండజేయుట వారికి లోపము కాదు, గౌరవచిహ్నము. నిరీక్షణను కూడ వారు సరకుగా చేసి అమ్ముచున్నారు. ఇట్లు కొనుట, ఆగుట అను రెండును ఒకే త్రాటికి రెండు కొనలు. యువకుడు ఆ త్రాటి నడుమ చిక్కుకొని, తాను స్వేచ్ఛగా ఆలోచించుచున్నానని అనుకొనుచున్నాడు. ఏది కొనవలెనని అడుగుటకు కూర్చున్నవాడు, కొనవలెనా అను ప్రశ్నను ఎప్పుడో దాటిపోయినాడు. దాటినట్లు వానికే తెలియదు.

కఠోపనిషత్తునందు యముడు నచికేతుని ముందుంచిన కానుకలలో రథములు కూడ ఉన్నవి. నూరేండ్లు జీవించు పుత్రపౌత్రులు, ఏనుగులు, గుఱ్ఱములు, బంగారము, విశాలమైన భూమి, రథములతో వాద్యములతో కూడిన సుందరాంగనలు. బాలుడు వేటిని కాదనెను. ఆ వాహనములు నీయొద్దనే యుండనిమ్మనెను. అతడు ఎట్లు కాదనెనో గమనింపదగును. ఈ రథముకంటె మేలైనది కలదా యని అడుగలేదు. వచ్చు సంవత్సరము ఇచ్చెదవా యని అడుగలేదు. అట్టి పరీక్షకు దిగియున్నచో మృత్యుదేవత చేతిలో మేలైన రథములకు కొదువ ఉండెడిది కాదు, బేరము తెగెడిది కాదు. అతడు ఆ వస్తువుల నన్నిటిని కలిపి ఒక్క మాటతో శ్వోభావములనెను. రేపు ఉండునో ఉండదో అను సందేహమే స్వభావముగా గలవి యని శంకరుల వ్యాఖ్యానము. రేపు మాసిపోవు దానిని నేడే గుర్తించుట నచికేతుని దృష్టి. నేటి దానిని త్రోసివేసి రేపటి దానికై చేతులు చాచుట మన యువకుని దృష్టి. ఇద్దరును చేతనున్న దానియందు లోపమును చూచినవారే. ఒకడు ఆ లోపము వస్తుజాతి యంతటిదని తెలిసికొనెను. రెండవవాడు అది ఈ సంవత్సరపు మోడలుది మాత్రమేయని నమ్మెను.

ఆ ఉపనిషత్తే మూడవ వల్లిలో శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను వర్ణించినది. రథము పాతదా క్రొత్తదా అను విచారము అక్కడ లేదు. సారథి మేలుకొనియున్నాడా, పగ్గము చేతిలో నున్నదా, పోవలసిన చోటేది అనునవే విచారములు.

పోవలసిన చోటు అను మాట అండమానులో మరీ సూటిగా తగులును. శ్రీ విజయపురమునుండి ఉత్తరముగా దిగ్లీపూరు వరకు సాగు రాజమార్గము 300 కిలోమీటర్లకు పైబడినది. జిర్కాటాంగు చేరునప్పటికి బండ్లన్నియు ఆగవలెను. అక్కడినుండి జారవాల రక్షితారణ్యము. నిర్ణీతవేళలలో మాత్రమే గేటు తెరతురు. రక్షకభటుల వెంట బండ్లు వరుసగా పోవలెను, గంటకు 40 కిలోమీటర్లు మించరాదు, ముందరి బండిని దాటరాదు, ఎక్కడను ఆగరాదు. ఇది ప్రయాణికుల సౌకర్యమునకై యేర్పడిన నియమము కాదు. ఆ యడవి ఎవరిదో వారి ప్రశాంతి కొరకు విధింపబడినది. ఆ మాత్రపు కట్టుబాటునకు విసుగుకొనువారు తాము పోవుచున్నది మరియొకరి ఇంటి వాకిటనుండి యని స్మరింపవలెను. అడవి దాటిన పిమ్మట సముద్రపు పాయ అడ్డుపడును. అక్కడ బండిని పంటుపై నెక్కించి బారాటాంగు దీవికి చేర్తురు. గంటకు మూడువందల కిలోమీటర్లు పరుగెత్తగల రథము, కూరగాయల లారీ వెనుక, పాత బస్సు ముందర, 40 కిలోమీటర్ల వేగమున నడచి, పంటుపై నిలుచుండి నీటిని దాటవలెను. ఏటికి దాదాపు ఎనిమిది నెలలు వానలు. మిగిలిన నెలలలో ఉప్పుగాలి ఇనుమును తినివేయును. బండి మరమ్మతునకు కావలసిన విడిభాగము ఖండమునుండి రావలెను.

ఈ యేటి మోడలుకైనను, వచ్చు సంవత్సరపు మోడలుకైనను ఇవే చిక్కులు. వాని యూగిసలాటలో ఇవి ఒక్కసారియు తలపునకు రాకపోవుట చిత్రము. రెండు బండ్లకు గల భేదములను వ్రేళ్లపై లెక్కించగలవాడు, ఆ రెంటికిని సమానమైన దానిని చూడలేకపోయెను.

అయినచో కారు కొనుట పాపమా? కాదు. చక్కని యంత్రమునందు మానవుని మేధ ప్రకాశించును. 1963లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున మొదటిసారి కనబడిన పోర్షే 911 నేటికిని తయారగుచున్నదనిన, దాని రూపకర్తలు ఆకారమును ఎంత శ్రద్ధతో దిద్దిరో ఊహించుకొనవచ్చును. న్యాయముగా ఆర్జించిన ధనముతో గృహస్థుడు తనకు ముచ్చటయైన వస్తువును కొని, దానిని శుభ్రముగా చూచుకొని, నలుగురితో పంచుకొని సంతోషించుట ధర్మవిరుద్ధము కాదు. త్యాగమును గూర్చి ఉపన్యసించి, పొరుగువాని బండిని ఓరకంట చూచుటకంటె అది వేయిరెట్లు మేలు. క్రొత్త మోడలు రావు, ఈ బండికి పదియేండ్లు మార్పే యుండదు అని తెలిసినను యువకుడు దీనిని ఇంతగా కోరునా? కోరునేని, ఆ కోరిక బండిని గూర్చినదే. కొనవచ్చును, వచ్చు సంవత్సరపు వార్తలు వానిని బాధింపవు. కోరడేని, వానికి కావలసినది బండి కాదు. నలుగురికంటె ఒక అడుగు ముందుండుట. ఆ అడుగును ఏ కర్మాగారమును అమ్మజాలదు.

రేపు ఎవరు చూచిరి, నేడే కొనుము అనువారు కూడ ఉందురు. ఈ దీవులలో ఆ మాట ఉత్తమాట కాదు. 2004 డిసెంబరు 26 ఉదయమున భూమి కంపించి సముద్రము పైబడినపుడు కార్ నికోబారు తీరమున గ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినవి. (ఆ దీవి పేరునకును బండికిని ఏ సంబంధమును లేదు.) దేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింటు వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగి, దీపస్తంభపు పాదము నీటిలో నిలిచినది; ఉత్తర అండమానులో పగడపు దిబ్బలు నీటినుండి పైకి తేలినవి. వచ్చు సంవత్సరమును నమ్ముకొని యుండుట యెట్టిదో ఈ దీవులవారికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఆ వాదము ఎటు త్రిప్పిన అటు తిరుగును. రేపు లేదు కావున నేడే అనుభవింపుమని చార్వాకుడు అనును. రేపు లేదు కావున నేడే ఋణము తీర్చుకొనుమని ధర్మజ్ఞుడు అనును. ఏ కారు కొనవలెనో ఆ వాదము చెప్పజాలదు. ఏ పని ఆగదో మాత్రము చెప్పగలదు.

జనశ్రుతిలో ఒక కథ కలదు. యాచకుడొకడు వచ్చినపుడు ధర్మరాజు ఏదో పనిలో నుండి, రేపు రమ్మనెను. భీముడు వెంటనే భేరిని మ్రోగించెను. ఎందులకని యడుగగా, మా యన్న కాలమును ఒక దినము జయించినాడు, రేపటివరకు తానును యాచకుడును బ్రదికియుందుమని తెలిసికొన్నాడు, అందులకని బదులు చెప్పెను. ధర్మరాజు లజ్జించి యాచకుని వెనుకకు పిలిపించెను. సుఖమును రేపటికి వాయిదా వేసినవానిని లోకము మెచ్చును. కర్తవ్యమును వాయిదా వేసినవానిని లోకము గమనింపనే గమనింపదు. భేరి మ్రోగవలసినది ఆ రెండవచోట.

మన యువకుని యింటనే అట్టి వాయిదా యొకటి కలదు. తండ్రి పడవలోని ఇంజను పాతబడి రెండేండ్లైనది. నల్లని పొగ చిమ్ముచున్నది. ఒకమారు ఒడ్డు కనబడని చోట ఆగిపోగా, వేరొక పడవవారు త్రాడు కట్టి లాగుకొని వచ్చిరి. ఆ సంగతి ఆయన ఇంట చెప్పలేదు. ఇంజను మార్చవలెనని భార్య యన్నప్పుడెల్ల ఆయన, వచ్చే యేడు చూతములే యనును. కుమారుడు ఏదో పెద్ద వస్తువు కొనుటకు డబ్బు కూడబెట్టుచున్నాడని ఆయనకు తెలియును; ఏదియో తెలియదు; అడుగలేదు. ఒకే కప్పు క్రింద రెండు వచ్చు సంవత్సరములు ఇట్లు ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. ఒకటి మెరుగైన బండి కొరకు, ఒకటి మాటాడక నెట్టుకొని వచ్చు ప్రాణభయము వలన. మొదటిదానికి చిత్రములు, లెక్కలు, నిద్రలేని రాత్రులు ఉన్నవి. రెండవదానికి ఏమియు లేదు. నచికేతుడు యముని అడిగిన మూడు వరములలో మొదటిది తన తండ్రి దిగులు తీరి నెమ్మదిగా ఉండవలెననుట. ఆత్మవిద్య మూడవది.

ఒకనాటి సాయంకాలము యువకుడు ఏదో పనిపై జంగ్లీఘాటు రేవునకు పోయెననుకొందము. జేబులో ఫోను, ఫోనులో రెండు కార్ల చిత్రములు. తండ్రి పడవను నీటిలోనికి నెట్టి, ఎక్కి, ఇంజను హేండిలును పట్టుకొని త్రిప్పెను. అది దగ్గి ఆగిపోయెను. ఒడ్డుననున్న ముసలి బెస్తవాడు, ఈసారైనా మార్చవా మామా అని కేకవేసెను. వచ్చే యేడులే నాయనా యని ఆయన నవ్వుచు బదులు చెప్పి, మరల త్రిప్పెను. మూడవమారు గాని ఇంజను అందుకొనలేదు. యువకుడు చెప్పులు విడిచి, నీటిలోనికి దిగి, పడవ అంచును పట్టుకొని, నాన్నా, ఆగుము అనెను.